మన యంత్రము – పరుల తాళపుచెవి
(ఒక పఠనమందిరపు సభలో న్యాయవాది యొకరు చేసిన ఉపన్యాసము)



మన కంప్యూటరు లోపల మనకు తెలియని గూఢచారి యెవడైన దాగియున్నాడా యను ప్రశ్న యిప్పుడు కోర్టు ఆవరణమునను, కాఫీహోటలునను, ఈ పఠనమందిరపు అరుగుమీదను వినవచ్చుచున్నది. కొందరు ఉన్నాడని ప్రమాణము చేయుదురు. కొందరు పిచ్చిమాటలని నవ్వుదురు. ప్రమాణము చేయువారు ఋజువు చూపరు. నవ్వువారు కారణము చెప్పరు. ఈ రెండు తెగలకును నడుమ నిలిచి, తెలిసినదెంత, తెలియనిదెంత, తెలిసికొనుటకు మనకు గల హక్కెంత యని విచారించుటయే నేటి నా పని.

ఇది వేడుక చర్చ కాదు. ఒకప్పుడు ఇనుపపెట్టెలో నుండిన దస్తావేజులు, భోషాణములో నుండిన ఉత్తరములు, వైద్యుని చీటీలు, అంగడి చిట్టా ఆవర్జాలు నేడు కంప్యూటరులోనికి చేరినవి. కక్షిదారుడు తన వకీలుతో చెప్పుకొన్న మాటను వకీలు బయటపెట్టరాదని 1872 నాటి సాక్ష్యచట్టము 126వ సెక్షను శాసించినది. 2024 జూలై 1 నుండి అమలునకు వచ్చిన భారతీయ సాక్ష్య అధినియమము 132వ సెక్షనులో ఆ నియమమే నిలిచియున్నది. శాసనము వకీలు నోరు కట్టివేసినది, సరియే. ఆ మాటను వ్రాసిపెట్టిన యంత్రమే నోరు విప్పినచో దానిని కట్టువారెవరు?

మా వృత్తిలో అనుమానము సాక్ష్యము కాదు. కాని అనుమానమును తోసివేయుటకును కారణము కావలయును. కావున ఈ వ్యాజ్యములోని సంగతులను మూడు రాశులుగ విభజించెదను: ఋజువైనవి, ఋజువు కానివి, పరీక్షింపనీయనివి.

మొదట ఋజువైనవి. 1984లో అమెరికావారు మాస్కోలోని తమ రాయబార కార్యాలయపు యంత్రసామగ్రి నంతయు స్వదేశమునకు తెప్పించి ఎక్స్‌రే కిరణములతో పరీక్షించిరి. పదునారు ఐబీఎం టైపురైటర్లలో, చూచుటకు సాధారణమైన లోహపు కడ్డీ లోపల, సోవియట్‌వారు అమర్చిన సాధనములు బయటపడినవి. అక్షరము నొక్కినప్పుడు కదలు భాగముల చలనమును అయస్కాంతశక్తిచే గ్రహించి, ఏ యక్షరము పడెనో రేడియో ద్వారా వెలుపలికి పంపుట వాని పని. 1976 మొదలు ఎనిమిదేండ్లు ఈ పని సాగినది. రహస్యలిపిలోనికి మార్చకముందే ఉత్తరము శత్రువునకు చేరుచుండెను. ఇంటి తలుపునకు ఎంత తాళము వేసిన నేమి, వ్రాయు కలమే దొంగయైనప్పుడు?

అట్లని దోషము సోవియట్‌వారి దొక్కరిదే యనుకొనవలదు. స్విట్జర్లండులో క్రిప్టో ఏజీ యను సంస్థ రహస్యలిపి యంత్రములను చేసి నూటయిరువదికి పైబడిన దేశములకు అమ్మినది. తటస్థదేశపు సరకు గదా యని ప్రభుత్వములు నమ్మి కొన్నవి. 1970లో ఆ సంస్థను అమెరికా సీఐఏయు, పశ్చిమ జర్మనీ గూఢచారిశాఖయు రహస్యముగా కొనివేసిన సంగతి 2020 ఫిబ్రవరిలో వాషింగ్టన్ పోస్టు, జర్మను టెలివిజను సంస్థ జెడ్.డి.ఎఫ్. వెల్లడించినవి. యంత్రములలోని లిపిని తాము సులభముగ విప్పగల విధముగ వారు బలహీనపరచిరి. కొన్నవారి పట్టికలో మన దేశమును గలదు, పాకిస్తానమును గలదు. బద్ధవైరులగు ఇద్దరును ఒకే అంగడిలో తాళములు కొనిరి. తాళపుచెవి మాత్రము అంగడివానియొద్దనే యుండెను.

మూడవది మరింత సమీపకాలపుది. 2013లో ఎడ్వర్డ్ స్నోడెన్ బయటపెట్టిన పత్రములలో, అమెరికా ఎన్.ఎస్.ఏ. వారు విదేశములకు పోవు నెట్‌వర్కు యంత్రముల పెట్టెలను దారిలో నాపి, విప్పి, తమ సాధనములను అమర్చి, మరల ముద్రవేసి పంపుచుండిరని యున్నది. 2014లో ఆ పెట్టెలను విప్పుచున్న ఛాయాచిత్రమే అచ్చయ్యెను. అందు కనబడినవి సిస్కో సంస్థ పెట్టెలు. ఆ సంస్థ అధిపతి తమ అధ్యక్షునకే అభ్యంతరము తెలుపుచు లేఖ వ్రాసెను. కావున యంత్రములో గూఢసాధనము నమర్చుట అసాధ్యమనువారి వాదము నిలువదు.

ఇక ఋజువు కానివి. 2018 అక్టోబరులో బ్లూంబెర్గ్ బిజినెస్‌వీక్ పత్రిక యొక సంచలన వార్త ప్రకటించినది. సూపర్‌మైక్రో సంస్థవారి సర్వరు బోర్డులపై బియ్యపుగింజను పోలిన చిప్పులను చీనా సైన్యమువారు అమర్చిరనియు, ఆ బోర్డులు ఆపిల్, అమెజాన్ వంటి సంస్థలకు చేరినవనియు దాని సారాంశము. ఆ మూడు సంస్థలును ఖండితముగ కాదనినవి. ఆ ఖండనలను సందేహించుటకు హేతువు లేదని అమెరికా, బ్రిటను ప్రభుత్వశాఖలు పలికినవి. సూపర్‌మైక్రో బయటివారిచే పరీక్ష చేయించగా ఏమియు దొరకలేదు. పత్రిక తన మాటను విడువలేదు, కాని ఆ చిప్పును లోకమునకు చూపనులేదు. 2025 జూలైలో చీనా ప్రభుత్వము ఎన్‌విడియా సంస్థను పిలిపించి, హెచ్20 చిప్పులలో దొడ్డిదారులున్నవా యని ప్రశ్నించినది. లేవని ఆ సంస్థ బదులిచ్చినది. నేరము చేయగలవాడని తెలిసినంతమాత్రమున ఈ నేరము చేసినాడని తీర్పు చెప్పుట న్యాయము కాదు.

మూడవ రాశి మన బల్లమీదనే యున్నది. 2008 మొదలు ఇంటెల్ చిప్పులు గల కంప్యూటర్లలో చాలవరకు మేనేజిమెంట్ ఇంజన్ అను మరియొక చిన్న కంప్యూటరు ఇమిడియున్నది. ఏఎండీ వారిలోను 2013 ప్రాంతము నుండి ఇట్టి దొకటి గలదు. ఇది రహస్యముగ దాచినది కాదు, పేరుపెట్టి చేసినదే. పెద్ద కార్యాలయములలో వేలకొలది యంత్రములను దూరమునుండి బాగుచేయుటకును, తాళములను భద్రపరచుటకును ఉపయోగమని తయారుచేసినవారు చెప్పుదురు. ఆ ప్రయోజనము అబద్ధము కాదు. కాని దాని అధికార మెంతటిదో చూడుడు. మనము కంప్యూటరును ఆపినను, విద్యుత్తు అందుచున్నంతవరకు అది మేల్కొని యుండగలదు. విండోస్ గాని లినక్స్ గాని దానిని శాసింపజాలవు. దాని ప్రోగ్రామునకు ఇంటెల్ ముద్ర యుండవలయును. సొంతదారుడు దానిని మార్చలేడు, సుఖముగ చదువనులేడు.

అది గూఢచర్యము చేసినదనుటకు సాక్ష్యము లేదు. ఈ మాట స్పష్టముగ చెప్పవలయును. అయినను 2017 మే నెలలో, దూరపాలనకు వాడు ఏఎంటీ యను భాగములో నొక లోపము బయటపడెను. సంకేతపదము అడిగిన చోట ఏమియు లేని జవాబు పంపినను అది తలుపు తెరచుచుండెను! ఆ లోపము ఎన్నో యేండ్లుగా యంత్రములలో నుండెను. అదే సంవత్సరము ఆగస్టులో పాజిటివ్ టెక్నాలజీస్ పరిశోధకులు ఆ ఇంజనును ఆరంభదశలోనే చాలవరకు నిలిపివేయగల గుప్తమైన మీట నొకదానిని కనుగొనిరి. అది అమెరికా ప్రభుత్వపు భద్రతాపథకము కొరకు, యంత్రములు తయారుచేయువారి కోరికపై ఏర్పరచినదని ఇంటెల్ ఒప్పుకొన్నది. తన గృహమునకు ఆ ప్రభుత్వము కోరిన జాగ్రత్త మన గృహములకు అక్కరలేదా? సొమ్ము పెట్టి కొన్న మనకు ఆ మీట సంగతి చెప్పనైన చెప్పరైరి.

ఇచ్చట నిరూపణభారము ఎవరిదను ప్రశ్న వచ్చుచున్నది. ఆరోపించువాడే ఋజువు చేయవలయునని సామాన్యసూత్రము. కాని ఏ సంగతి యొకని ప్రత్యేకజ్ఞానములో నున్నదో దానిని నిరూపించు భారము వానిదేనని పాతచట్టము 106వ సెక్షనును, కొత్తచట్టము 109వ సెక్షనును చెప్పుచున్నవి. పెట్టెకు తాళమువేసి, చెవి తన జేబులో నుంచుకొని, "లోపల దొంగసొత్తున్నదని నీవే చూపుము" అనుట వినదగిన వాదమా? వర్తకుని దొంగ యనను. తాళము తీసి చూపుమందును. సెక్షను కోర్టువరకే, దాని యందలి న్యాయము అంగడికిని చెల్లును.

"తప్పుచేయనివానికి భయమేల?" అని కొందరందురు. తప్పుచేయనివాడును తలుపు వేసికొని నిద్రించును. గోప్యత రాజ్యాంగము 21వ అధికరణములోని ప్రాథమికహక్కని 2017 ఆగస్టు 24న సుప్రీంకోర్టు తొమ్మండుగురు న్యాయమూర్తులు ఏకగ్రీవముగ తీర్పు చెప్పిరి. ఆ హక్కునకు భంగము కలిగించుటకు శాసనము కావలయును, తగిన ప్రయోజనము కావలయును, మితము పాటింపవలయును. చిప్పులోని గూఢద్వారమునకు ఈ మూడింటిలో నొకటియు లేదు.

"స్వదేశీ చిప్పులు వచ్చిన అన్నియు సరియగును" అని మరికొందరందురు. మదరాసు ఐఐటీవారి శక్తి, సీ-డాక్ వారి వేగ ప్రాసెసర్లు గర్వింపదగిన ప్రయత్నములు. అవి అనుసరించిన రిస్క్-ఫైవ్ ఆదేశపద్ధతి ఎవరైనను చదువదగిన బహిరంగశాస్త్రము. కాని తాళపుచెవి పరదేశీయుని చేతినుండి స్వదేశీయుని చేతికి మారినంతమాత్రమున గృహస్థునకు స్వాతంత్ర్యము రాదు. సరకు ఏ దేశపుదను ప్రశ్న రెండవది; పరీక్షకు నిలుచునా యను ప్రశ్న మొదటిది.

ప్రజలు అడిగిన ఫలముండదను నిరాశయు తగదు. 1993లో అమెరికా ప్రభుత్వము క్లిప్పర్ అను చిప్పును ప్రతిపాదించినది. సంభాషణలను రహస్యలిపిలో నుంచుట దాని పని, దాని తాళపుచెవులు ప్రభుత్వశాఖలయొద్ద నుండుట నియమము. పండితులు లోపములు చూపిరి, పౌరులు ఎదిరించిరి. కొలది యేండ్లలో అది మూలపడెను. 1999లో ఇంటెల్ పెంటియం-3లో ప్రతియంత్రమునకును ఒక గుర్తుసంఖ్య నుంచగా కొనుగోలుదారులు బహిష్కారమునకు పిలుపునిచ్చిరి. తరువాతి ప్రాసెసర్లలో దానిని మానుకొనిరి.

మన దేశములోను దారి తెరచుకొన్నది. వీధి నిఘా కెమేరాల యంత్రభాగములను, వాని మూలప్రోగ్రామును ప్రయోగశాలలో పరీక్షింపవలయునను నియమము 2024 ఏప్రిలులో వెలువడి, 2025 ఏప్రిలు నుండి అమలునకు వచ్చినది. కెమేరాకు తగిన న్యాయము కోర్టులు, ఆసుపత్రులు, బడులు కొను కంప్యూటరునకును తగును. పరీక్షాఫలితములు ప్రజలకును తెలియవలయును. లేనిచో ఒకరి రహస్యము మరియొకరి రహస్యముగ మారును, అంతియే.

అంతవరకు మనము చేయదగినది స్వల్పమైనను గలదు. యంత్రము తయారుచేసినవారు పంపు భద్రతా సవరణలను జాప్యము లేక వేయించుడు. ఏఎంటీ సదుపాయము అక్కరలేనివారు ఆరంభపు అమరికలలో దానిని ఆపివేయించుడు. ముద్ర విప్పిన పెట్టెను కొనకుడు. ప్రాణసమానమైన రహస్యమును వలకు తగిలించిన యంత్రములో నుంచకుడు. కొనునపుడు అంగడివానిని అడుగుడు: ఇందులో నాకు తెలియని అధికారి యెవడున్నాడు, వానిని తొలగించు మార్గమేది? ప్యూరిజం, సిస్టమ్76 వంటి సంస్థలు ఆ ఇంజనును కట్టివేసిన కంప్యూటర్లను 2017 నుండి తెచ్చినవి. కొనువారు అడిగిరి గనుకనే తెచ్చినవి.

సోదరులారా! భయపడి యంత్రమును విడుచుట పిరికితనము. కన్నులు మూసికొని నమ్ముట బానిసత్వము. అడుగుట పౌరధర్మము. ఆ ప్రశ్నను ఒక్కడు అడిగిన నవ్వుదురు. ఊరూరి పఠనమందిరము అడిగిన బదులు చెప్పక తప్పదు.