వృద్ధాశ్రమములలో ప్రమాద నివారణము
(సంఘ సమావేశ ప్రసంగ పాఠము)



వృద్ధులు కాలుజారి పడి తుంటియెముక విరిగినచో మరల నడచుట దుర్లభము కావచ్చును. 2007వ సంవత్సరపు తల్లిదండ్రుల, వృద్ధుల పోషణ చట్టము, కనీసము 150 మంది నిరుపేద వృద్ధులకు చాలిన ఆశ్రమమును జిల్లాకొక్కటియైనను నెలకొల్పుటకు రాష్ట్రములకు అవకాశము కల్పించినది. కాని వసతి కలిగినంతమాత్రమున రక్షణ కలుగదు.

స్నానపుగదిలో తడి నిలువరాదు. గోడకు పట్టుకొనుటకు కమ్మీలుండవలెను. మంచము మొదలు మరుగుదొడ్డి వరకు రాత్రియంతయు చిన్నదీపము వెలుగవలెను. వేడినీటిని పరిచారకులు ముందుగా చేతితో చూడవలెను. నిద్రమాత్రలు, రక్తపోటు మందులు తూలుడు కలిగించునేమోయని వైద్యునడుగవలెను.

మన పెద్దలకు మరియొక చిక్కు కలదు. ఈ నాటి భాష ఎంత వచ్చినను, ఆపదలో నోటవచ్చునది ఇంటిభాషయే. "కళ్లు తిరుగుతున్నాయి", "పట్టుకో" అను మాటలు పరిచారకులకు తెలియకున్న సాయము ఆలస్యమగును. కావున సమీపాశ్రమములకు పోయి ఆ నాలుగుమాటలు నేర్పి వత్తము, రండు.