జూలియట్ అలియాబాద్ అమ్మాయైతే

మిత్రులారా, 'రోమియో జూలియట్'ను అలియాబాద్ కథగా ఆడాలన్న మీ ఆలోచన బాగుంది. అయితే షేక్స్‌పియర్ నాటకంలో రెండు కుటుంబాలదీ సమాన హోదా. మన దగ్గర అలా కాదు. 2018 సెప్టెంబర్‌లో మిర్యాలగూడలో ఆసుపత్రి ముందు, గర్భవతి అయిన భార్య పక్కనుండగానే దళిత యువకుణ్ణి నరికి చంపారు. ఆ కేసులో మొదటి ముద్దాయి ఆమె తండ్రి. దీన్ని విధి అందామా? కులాన్ని దాచి రెండిళ్ల పగగా చూపిస్తే ప్రేక్షకులు కళ్లు తుడుచుకుని ఇంటికెళ్లిపోతారు.

జూలియట్‌కు పద్నాలుగేళ్లయినా నిండలేదు. తండ్రి పెళ్లి కుదిర్చి, కాదంటే వీధిలోకి గెంటేస్తానంటాడు. పితృస్వామ్యం నోరు విప్పేది అక్కడే, ఆ దృశ్యాన్ని కుదించకండి. మూలంలో అంటువ్యాధి భయంవల్ల ఉత్తరం చేరదు. సెల్‌ఫోన్లున్న రోజుల్లో అదెలా కుదురుతుందని అడిగారు కదా, ఇంట్లో తెలియగానే అమ్మాయి చేతిలోంచి ముందు లాక్కునేది ఫోనే! చివర్లో తండ్రులు చేతులు కలిపి, చనిపోయిన పిల్లలకు బంగారు విగ్రహాలు పెడతామంటారు. ఆ భాగం మీరెలా ఆడతారో చూడాలని ఉంది.