మా ఓటు మీకెట్ల తెలుసు?

(ఎన్నికల వార్తల తీరుపై విద్యార్థులు, ఉద్యోగులు కలిసి పెట్టుకున్న సభలో ఒక జర్నలిస్టు చేసిన ప్రసంగ పాఠం)



నన్ను ఎన్నికల వార్తల గురించి మాట్లాడమన్నరు. సిద్ధాంతాలు చెప్పడానికి నాకన్నా చదువుకున్నోళ్లు ఈ వేదిక మీద ఉన్నరు. నేను చేసిన పని గురించి, అందులో చేసిన తప్పు గురించి చెప్త. 2009 చలికాలంలో ఉస్మానియా క్యాంపస్‌లో లాఠీ దెబ్బలు తిన్న పిలగాళ్లలో నేనొకణ్ని. మన మీద ఉన్నవి లేనివి రాస్తున్నరని పత్రికలను తిట్టుకుంటనే పీజీ అయినంక అదే పనిలోకి పోయిన. పోయి నేనేం రాసిన్నో వినుండ్రి.

2014 ఎన్నికలు. విలేకరిగా నాకు మొదటివి. జిల్లా ఎడిషన్ డెస్క్ నుంచి ఒక నమూనా వచ్చింది, 'నియోజకవర్గ స్వరూపం' అని. మొత్తం ఓటర్లు, పురుషులు, మహిళలు, మండలాలు, పోయినసారి ఎవరికెన్ని ఓట్లు. ఇంతవరకు తహసీల్దార్ ఆఫీసులో అడిగితే దొరుకుతయి. చివరికి ఒక డబ్బా ఉన్నది: 'సామాజిక వర్గాల వారీగా ఓటర్లు'. ఇది ఏ ఆఫీసులోనూ దొరకదు. ఓటరు జాబితాలో పేరుంటది, తండ్రి పేరో భర్త పేరో ఉంటది, ఇంటి నంబరు, వయసు, ఆడనా మగనా అన్నది ఉంటది. కులం ఉండదు. మతం ఉండదు. కొత్త ఓటు కోసం నింపే ఫారం-6లో కూడా ఆ గడి లేదు. మరి రోజూ మీరు చదివే లెక్క ఎక్కడిది?

మా సీనియర్‌ను అడిగిన. "పాత ఫైలు తీయి తమ్మీ, 2009 లెక్క ఉంటది, పదోవంతు పెంచి రాయి" అన్నడు. తీసి చూస్తే ఆ 2009 లెక్క 2004 లెక్కకు పదోవంతు పెంచింది. ఈ రెండింటి నడుమ నియోజకవర్గాల పునర్విభజన జరిగిందన్న సంగతి మీకు తెలుసు. మా నియోజకవర్గంలోంచి మండలాలు పోయినయి, కొత్తవి వచ్చినయి, సరిహద్దులే మారినయి. కులాల లెక్క మాత్రం కదలకుండా కూసున్నది!

మనసొప్పక కుల సంఘాల పెద్దలకు ఫోన్లు కొట్టిన. ఒక్కొక్కరు తమ ఓట్లు ఇన్ని వేలని ధీమాగా చెప్పిన్రు. రాత్రి కూసొని కూడితే నియోజకవర్గంలో ఉన్న మొత్తం ఓట్ల కన్నా ఎక్కువ తేలినయి. అందరివి తలా ఇంత కోసి లెక్క సరిచేసి పంపిన. మీరు పొద్దుగాల చాయ్ తాగుకుంట చదివి "ఓహో, ఈడ ఫలానోళ్లది బలం" అనుకునేది గిట్ల తయారైందే. ఇంకో మాట. బుడగ జంగాలు, దొమ్మరోళ్లు, కాటిపాపలోళ్లు, మందులోళ్లు, వీళ్ల సంఘం పెద్ద ఫోన్ నంబరు నా దగ్గర లేదు. కాబట్టి వాళ్లంతా 'ఇతరులు' అయిపోయిన్రు. ఫోన్ ఎత్తే నాయకుడు లేనోళ్లకు పత్రికలో పేరు కూడా లేకపాయె.

ఫలితాలు వచ్చినంక ఇంకో కథ. 'ఫలానా వర్గం గంపగుత్తగా ఫలానా పార్టీకి' అని రాయాలె. దానికి ఆధారం ఫారం-20. బూత్ వారీగా ఏ అభ్యర్థికి ఎన్ని పడ్డయో అందులో ఉంటది. ఒక బూత్‌లో 900 ఓట్లు పోలైనయనుకోండ్రి. 500 ఒక గుర్తుకు పడ్డయి. ఆ వాడలో ఎక్కువమంది ఒక కులపోళ్లు. ఆ 500 వాళ్లయే అని నేను రాసిన. ఎట్ల? ఆ 500లో ఎవరివి ఎన్నో, మిగిలిన 400లో ఎవరున్నరో ఆ కాగితం చెప్పదు. ఈ సభలో లెక్కల సార్లు ఉన్నరు, నేను వాళ్ల క్లాసులో ఉంటే చెవి మెలిపెట్టేటోళ్లు. బ్రహ్మాండమైన విశ్లేషణ అని మా ఆఫీసులో మాత్రం మెచ్చుకున్నరు.

ఆ విశ్లేషణలో ఒక ఊరి పేరు, వాడ పేరు పెట్టి రాసిన. నెల రోజులకు ఆ ఊరికే వేరే పని మీద పోవలసి వచ్చింది. వాడలో బోరు మోటరు కాలిపోయి ఉన్నది. ఆడోళ్లు బిందెలు పట్టుకొని వ్యవసాయ బాయికాడికి పోతున్నరు. మోటరు బాగుచేయించమని గెలిచిన పార్టీ ఊరి నాయకుని దగ్గరికి పోతే, "మీరు మాకు ఎయ్యలేదు గదా, పేపర్లనే వచ్చె" అన్నడట. నేను రాసిన కాగితం ఆయన జేబులో ఉన్నది. నేనే రాసిన్నని తెలిసి ఒక ముసలవ్వ నన్ను కూసోబెట్టి అడిగింది.

"నువ్వేనా బిడ్డా రాసింది?"

"నేనే అవ్వా. లెక్కలు చూసి రాసిన."

"ఏం లెక్క కొడుకా? ఓటేసినంక ఎవ్వలికి తెల్వదంటిరి గదా. నా ఓటు నీకెట్ల తెల్సింది?"

నా దగ్గర జవాబు లేదు. ఆమెనే చెప్పింది. ఇంట్లో అయిదు ఓట్లు. కొడుకు దుబాయిలో ఉన్నడు, ఆయన ఓటు పడనే లేదు. కోడలు బీడీలు చేస్తది, మహిళా సంఘంలో అందరూ అనుకున్నోళ్లకు వేసింది. పెద్ద మనుమడు జెండా పట్టుకొని తిరిగిన పార్టీకి వేసిండు, చిన్నోడు అన్న మీద పంతానికి ఇంకో పార్టీకి. "నేనెవ్వలికేసిన్నో నీకు చెప్తనా?" అని నవ్వింది. ఆ నవ్వుకు నాకు తల ఎత్తబుద్ధి కాలేదు. ఆఫీసుకు వచ్చి సవరణ వేద్దామన్న. "నోటీసు ఎవడన్న పంపిండా? పంపలేదు గదా, ఊకో" అన్నరు. మోటరు వాడోళ్లే చందాలు వేసుకొని బాగుచేయించుకున్నరు.

మిత్రులారా, 'ఓటు బ్యాంకు' అనే మాట మన నోట్లో ఎట్ల తిరుగుతుందో చూడుండ్రి. ఆ మాటను 1955లో వాడుకలోకి తెచ్చింది సామాజిక శాస్త్రవేత్త ఎం.ఎన్. శ్రీనివాస్, మైసూరు దిక్కున ఒక పల్లెను చూసి రాసినప్పుడు. ఆయన బ్యాంకు అన్నది పేదోళ్లను కాదు. తన కింద బతికేటోళ్ల ఓట్లు తన మాట మీద వేయించగలిగిన ఊరి పెద్దను. మన భాషలో చెప్పాలంటే గడీలో కూసున్నోన్ని. గడీ మీద వేయాల్సిన మాటను తెచ్చి గుడిసె మీద వేసినం. వేయించినోడు మాయమైండు, వేసినోడు మందలో గొర్రె అయిండు.

మనకు కూడా ఒక డబ్బా కట్టిన్రు, యాది ఉన్నదా? 'సెంటిమెంట్'. 2009 ఎన్నికల్లో టీఆర్‌ఎస్‌కు 10 సీట్లే వచ్చినయి, సెంటిమెంట్ సచ్చిపోయిందన్నరు. 2010 ఫిబ్రవరిలో శ్రీకృష్ణ కమిటీ విధివిధానాల మీద నిరసనగా రాజీనామాలు జరిగి, జులైలో 12 సీట్లకు ఉపఎన్నికలు వచ్చినయి. సిరిసిల్లలో మరమగ్గాల కార్మికులు, మంచిర్యాల, చెన్నూరులో సింగరేణి కార్మికులు, కోరుట్లలో గల్ఫ్ పోయినోళ్ల ఇండ్లు, సిర్పూరులో ఆదివాసులు, వరంగల్ పశ్చిమలో ఉద్యోగులు, విద్యార్థులు. ఏ రెండు చోట్లా కులాల కూర్పు ఒక్క తీరుగ లేదు. టీఆర్‌ఎస్ 11 గెలిచింది, నిజామాబాద్ అర్బన్ బీజేపీ గెలిచింది. రాజీనామా చేసినోళ్లే పన్నెండు చోట్లా తిరిగి గెలిచిన్రు. కులాల డబ్బాల్లోంచి ఈ ఫలితం బయటికి రాదు. అప్పుడేం చేసిన్రు? సచ్చిందన్న సెంటిమెంట్‌ను మళ్లీ లేపి ఆ ఖాతాలో రాసిన్రు. మనిషి నీళ్ల గురించి, కొలువు గురించి ఆలోచించి ఓటేసిండని రాయడానికి మాత్రం మనసొప్పలేదు. ఎదుటోనిది ఆలోచన, మనది సెంటిమెంట్!

ఇది చెప్పి ఊకుంటే నేను సగం నిజం చెప్పినట్టు. మనం కూడా ఇంకొకరికి డబ్బా కట్టినం. 'సెటిలర్ల ఓట్లు'. 2016 ఫిబ్రవరిలో హైదరాబాద్ కార్పొరేషన్ ఎన్నికలప్పుడు ఆ ఓట్లన్నీ ఒక్క దిక్కే పోతయని అందరం రాసినం. 150 డివిజన్లలో 99 టీఆర్‌ఎస్ గెలిచింది, తెలుగుదేశానికి ఒక్కటి వచ్చింది. దానితోనన్నా బుద్ధి రావాలె గదా? 2018లో కూకట్‌పల్లిలో ఎన్టీఆర్ మనుమరాలు సుహాసిని నిలబడితే మళ్లీ అదే రాత. ఆమె 40 వేల పైచిలుకు తేడాతో ఓడిపోయిన్రు. ముప్పై ఏండ్ల కింద వచ్చి ఇక్కడే పిల్లలను కన్నోళ్లు, నల్లా నీళ్ల కోసం లైన్లో నిలబడ్డోళ్లు, కంపెనీలో జీతం రాక తిప్పలు పడ్డోళ్లు. వాళ్లు ఏ జిల్లా నుంచి వచ్చిన్రన్నదే వాళ్ల ఓటు అని మనమెట్ల తీర్మానం చేసినం?

జనం ఈ డబ్బాలను తన్ని బయటికి వచ్చిన సందర్భాలు మన గడ్డ మీదనే ఉన్నయి. 1996లో నల్లగొండ లోక్‌సభ స్థానంలో 480 మంది నిలబడ్డరు. ఫ్లోరైడ్ నీళ్లతో నడుములు వంగిపోయిన జిల్లా గోస దేశానికి వినబడాలని జలసాధన సమితి పిలుపు మీద వేసిన నామినేషన్లవి. బ్యాలెట్ పేపరు పుస్తకమంత అయింది, పోలింగే వాయిదా పడ్డది. ఫ్లోరైడ్ నీళ్లకు కులముంటదా? 2019లో నిజామాబాద్‌లో 185 మంది అభ్యర్థులు, అందులో 178 మంది పసుపు, ఎర్రజొన్న రైతులు. పసుపు బోర్డు కావాలె, మద్దతు ధర కావాలె. ఒక్కో పోలింగ్ కేంద్రంలో 12 ఓటింగ్ యంత్రాలు వరుసగా పెట్టవలసి వచ్చింది. అప్పుడు నేను ఆర్మూరు దిక్కు పోయిన. నామినేషన్ వేసిన ఒక రైతును మాట్లాడించుకొని రాసి పంపితే డెస్క్ నుంచి వచ్చిన మొదటి ప్రశ్న, "ఆయన ఏ సామాజిక వర్గం?" ఆయన పసుపు వర్గం అని చెప్పిన. నవ్విన్రు గానీ కాపీలో మాత్రం పెట్టలేదు. పసుపు బోర్డు 2025 జనవరిలో నిజామాబాద్‌లో మొదలైంది. దాన్ని తెచ్చింది ఎవరని పార్టీలు కొట్లాడుకోవచ్చు, పేపరు నిండా పేర్లు నింపినోళ్లు ఆ రైతులు.

మొన్న 2025 నవంబర్‌లో జూబ్లీహిల్స్ ఉపఎన్నిక. మైనారిటీల ఓట్లెన్ని, బీసీలవెన్ని, సినిమా కార్మికులవెన్ని అని రోజుకో పట్టిక. పోలింగ్ 50 శాతం కూడా దాటలేదు. అంటే అన్నిటికన్నా పెద్ద వర్గం ఓటు వేయనోళ్లది. ఆ పట్టికల్లో వాళ్లకు గడి నాకెక్కడా కనబడలేదు.

"అయితే కులం లేదంటవా?" అని వెనుక నుంచి ఒక తమ్ముడు అడుగుతున్నడు. మంచిగ అడిగినవు. కులం ఉన్నది తమ్మీ. కులమే లేదని రాసేటోడు మామూలుగా పై కులపోడై ఉంటడు. టికెట్లు ఎవరికి దక్కినయి, మంత్రివర్గంలో ఎవరున్నరు, కాంట్రాక్టులు ఎవరి చేతుల్లో ఉన్నయి, భూమి ఎవరిది, ఇవి కులంతో సహా, పేరుతో సహా లెక్కగట్టి రాయాలె. దానికి కాగితాలు ఉంటయి. నేను అంటున్నది వేరే. దొరికే లెక్క రాయరు, దొరకని లెక్క సృష్టిస్తరు. ఈ దేశంలో అన్ని కులాల లెక్కలు బయటపెట్టిన ఆఖరి జనగణన 1931లోది. 2011లో చేసిన కుల సర్వే లెక్కలు బయటపెట్టనే లేదు. మన రాష్ట్రంలో 2024 చివర ఇంటింటి సర్వే చేసి 2025 ఫిబ్రవరిలో చెప్పిన్రు, ముస్లిం బీసీలతో కలిపి బీసీలు 56.33 శాతమని. ఆ లెక్కలో తప్పులున్నయని కొందరన్నరు, అనుండ్రి, చర్చ చేద్దాం. కానీ "ఇప్పుడీ కులాల లెక్క ఎందుకు, సమాజం చీలిపోతది" అని ముఖం చిట్లించిన పెద్దమనుషులు నాకు చాలామంది ఎదురైన్రు. ఎన్నికల పట్టికలు వేసేటప్పుడు వాళ్లకు ఏ చీలికా కనబడదు. వాటా అడగడానికి లెక్క పనికిరాదట, ఓటును తూకం వేయడానికి ఉత్త అంచనా చాలునట.

చట్టం సంగతి కూడా ఒక్క ముక్క. కులం, మతం పేరు చెప్పి ఓటడిగితే ప్రజాప్రాతినిధ్య చట్టం 123(3) కింద అవినీతి చర్య. 2017 జనవరి 2న సుప్రీంకోర్టు ఏడుగురు జడ్జీల ధర్మాసనం 4-3తో దాన్ని ఇంకా గట్టి చేసింది, ఓటరు కులం పేరుతో అడిగినా తప్పేనన్నది. అభ్యర్థి వేదిక మీద అంటే ఎన్నిక రద్దయ్యే మాటను మేము పొద్దున్నే నాలుగు రంగుల పట్టికగా అచ్చేసి ఇంటింటికి పంచుతం. ప్రెస్ కౌన్సిల్ 1996లోనే హెచ్చరిక రాసింది. అది మా ఆఫీసుల్లో ఎవరన్న చదివిన్రో లేదో నాకు అనుమానమే.

మీరు అడగొచ్చు, ఆ ముసలవ్వ మాట విన్నంక నువ్వేం చేసినవని. చెప్త. 2023 నవంబర్‌లో మళ్లీ అదే నమూనా వచ్చింది. ఈసారి నేను బీడీ కార్మికుల కార్డులు, గల్ఫ్ పోయినోళ్ల ఇండ్లు, కాలువ కింద పారే ఎకరాలు, డిగ్రీ కాలేజీలో ఖాళీ పోస్టులు, ఇవన్నీ తిరిగి తెచ్చి రాసిన. ఆఖరి డబ్బాలో ఒక్క వాక్యం పెట్టిన: 'ఓటరు జాబితాలో కులం నమోదు చేయరు కనుక ఈ వివరాలు లేవు.' రాత్రి పదకొండుకు డెస్క్ ఫోన్ చేసింది. "అన్నా, కులాల లెక్క మర్చిపోయినవు." మర్చిపోలేదు, లేదనే రాసిన అని చెప్పిన. "సరే తీ" అని పెట్టేసిన్రు.

తెల్లారి పేపరు చూసిన. నేను రాసిన వాక్యం లేదు. ఆ డబ్బాలో 2014లో నేను కోసి కోసి సరిచేసిన లెక్కే, పదోవంతు పెంచి, నా పేరు కింద అచ్చయి ఉన్నది.