‘పొద్దున్నుంచి ఏం తిన్నావన్నా?’ అని అడిగే మనిషి కావాలి
(సంఘం మండల కార్యకర్తల శిక్షణ తరగతిలో చేసిన ప్రసంగం)



ఈ పూట నన్ను డైటీషియన్ల గురించి మాట్లాడమన్నారు. ఆ పేరు వింటే మనకు టౌనులో పెద్దాసుపత్రి గుర్తుకొస్తుంది. షుగరు, కిడ్నీ జబ్బులున్నోళ్లకు ఏం తినాలో ఏం తినగూడదో కాగితం రాసిచ్చే మేడం. మద్దతు ధర, పంటల బీమా వదిలిపెట్టి ఆ మేడం సంగతి మనకెందుకని పొద్దున టీ దగ్గర ఒకరిద్దరు అడిగినారు కూడా. ఎందుకో చెబుతాను.

అప్పుల బాధతో రైతు ప్రాణం తీసుకుంటే త్రిసభ్య కమిటీ వస్తుంది. పాసుబుక్కు ఏదంటారు, బ్యాంకు అప్పెంత, బయట అప్పెంత, ఏ పంట వేసినాడంటారు. అడగాల్సినవే. కానీ అంతకు ముందు రెండు మూడు నెలలు ఆ మనిషి ఎట్లున్నాడని ఎవరూ అడగరు. సంఘం తరఫున ఆ ఇండ్లకు పోయినప్పుడు ఇంటామె నోట నేను మళ్లీ మళ్లీ విన్నమాట ఒకటే: ‘సరిగ్గా తినేవాడు కాదు, నిద్రపోయేవాడు కాదు.’ పొద్దున ఉత్త టీ తాగి చేనికి పోవడం, కట్టిచ్చిన సద్ది అట్లనే తిరిగి తేవడం, రాత్రికి మందు. మనసు కుంగిన సంగతి ముందు కంచం దగ్గరే బయటపడుతుంది. గర్భిణికి, బాలింతకు, పసిపిల్లలకు అంగన్‌వాడీ ఉంది. బడిపిల్లలకు గుడ్డు ఉంది. యాభై ఏళ్ల రైతు కంచంలోకి తొంగిచూసేవాళ్లను మాత్రం మన పల్లెల్లో నేను చూడలేదు.

తిండికీ మనసుకూ సంబంధమేందంటారా? ఆస్ట్రేలియాలో ఫెలీస్ జాకా అనే పరిశోధకురాలు, ఆమె బృందం కలిసి డిప్రెషన్ ఉన్న 67 మందితో ఒక పరిశోధన చేసి 2017లో అచ్చువేసినారు. వాళ్లను రెండు గుంపులు చేసినారు. ఒక గుంపులో ఒక్కొక్కరితో 12 వారాల్లో ఏడుసార్లు డైటీషియన్ కూర్చొని తిండి సంగతి మాట్లాడింది. రెండో గుంపుతో కూడా మనుషులు అన్నిసార్లూ కూర్చొని కబుర్లు చెప్పినారు, తిండి మాట మాత్రం ఎత్తలేదు. ఆఖరుకు మొదటి గుంపులో 32 శాతం మంది డిప్రెషన్ నుంచి బయటపడితే, రెండో గుంపులో 8 శాతం మందే బయటపడినారు. 67 మందంటే చిన్న లెక్కే. మాత్రలు అక్కర్లేదు, తిండితోనే అంతా నయమని దీన్ని పట్టుకొని ఎవరైనా చెబితే నమ్మొద్దు. ఇంతకూ వాళ్లను తినమన్నదేమంటే దంపుడు ధాన్యాలు, పప్పులు, కూరగాయలు, పండ్లు, గింజలు, చేపలు, ఆలివ్ నూనె. ఆ నూనె ఒక్కటి పక్కన పెడితే మిగతావి మనకు తెలియనివి కాదు.

మన ఊర్లలో డైటీషియన్ కూర్చుంటే ఏం కనిపెట్టగలదో చూడండి. షుగరుకు మెట్‌ఫార్మిన్ మాత్ర ఏండ్ల తరబడి మింగేవాళ్లలో బి12 విటమిన్ తగ్గే అవకాశం ఉంది. అది తగ్గితే నీరసం, కాళ్ల తిమ్మిర్లు, మతిమరుపు, దిగులు. వయసు మీద పడిందిలే అనుకుంటాం. ఆ విటమిన్ పాలు, పెరుగు, గుడ్లు, చేపలు, మాంసంలోనే దొరుకుతుంది. డాక్టరుకు చెప్పి రక్తపరీక్ష చేయిస్తే తెలిసిపోతుంది. మందు అలవాటైనవాళ్లకు బి1 తగ్గిపోయి మతి చెదురుతుంది. కుటుంబమేమో దయ్యం పట్టిందంటుంది.

ఆడవాళ్ల సంగతి వేరే చెప్పాల. 2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం ఆంధ్రప్రదేశ్‌లో 15 నుంచి 49 ఏళ్ల ఆడవాళ్లలో 58.8 శాతం మందికి రక్తహీనత. కలుపుతీతకు పోయి వచ్చి, అందరికీ పెట్టి, అడుగున మిగిలింది తినే మనిషికి నీరసం, చిరాకు రాక ఏం చేస్తాయి? మనమేమో ఊరికే కసురుకుంటుందంటాం. తిన్న వెంటనే టీ తాగితే ఇనుము ఒంటికి పట్టదు, ఆకుకూర మీద నిమ్మకాయ పిండుకుంటే పడుతుంది. పైసా ఖర్చు లేని మాట, కానీ చెప్పేవాళ్లుండాల.

మానసిక జబ్బుకు మాత్రలు వాడుతున్నవాళ్ల దగ్గర డైటీషియన్ పని ఇంకా ఎక్కువ. లిథియం మాత్ర మింగేవాళ్లు ఉప్పు ఒక్కసారిగా మానేయకూడదు, నీళ్లు తగ్గించకూడదు. అట్ల చేస్తే మందు ఒంట్లో పేరుకొని విషమవుతుంది. ఎండలో చెమటకారి పనిచేసే రైతుకు, ఒక్కపొద్దు ఉండే అక్కకు ఈ మాట ఎవరు చెప్పినారు? కొన్ని మాత్రలు ఆకలి పెంచి ఒళ్లు లావు చేస్తాయి. దానికి భయపడి మనవాళ్లు చెప్పకుండా మానేస్తారు. మాత్ర మానకుండా తిండి ఎట్ల సర్దుకోవాలో చూపించేది డైటీషియనే.

అయితే ఆమె ఇచ్చే సలహా మన పొయ్యికి సరిపోవాల. ఆసుపత్రి గోడల మీద ఆపిల్ బొమ్మలున్న చార్టులు చూస్తే నాకు కోపం వస్తుంది. మన అనంతపురం వైపు కొర్ర, రాగి, జొన్న, కంది, అలసంద, అనుములు, ఉలవలు ఉండేవి. చేన్లన్నీ శనక్కాయ అయినాక కాయ మొత్తం మండీకి పోతుంది, ఇంట్లోకి రేషను బియ్యం వస్తుంది. పండించినోని ఇంట్లో ఊరిబిండికి కూడా కాయ కొలిచి తీస్తున్నారు. ‘పప్పుదినుసులు ఎక్కువ తిను’ అని చెప్పే డైటీషియన్, అంగట్లో కందిపప్పు ధర కూడా అడిగి తెలుసుకోవాల. సంగతి, ఊరిబిండి, మునగాకు, ఒక గుడ్డు, ఇంత మజ్జిగ. అక్కడ మొదలుపెట్టమనండి, ఎవరైనా వింటారు.

అప్పు తీరకుండా సంగతి ముద్ద దిగుతుందా అని అడుగుతారు. దిగదు, అందుకే రుణాల మీద, ధరల మీద మన పోరాటం ఆగదు. కానీ బ్యాంకు మేనేజరు ముందు నిలబడి మాట్లాడాలన్నా, కమిటీ ముందు లెక్క చెప్పాలన్నా ఆ మనిషి తిని, నిద్రపోయి ఉండాల గదా.

కాబట్టి ఈ రోజు తీర్మానంలో రెండు కోర్కెలు పెడుతున్నాం. ఏరియా ఆసుపత్రిలో మానసిక వైద్యుడు ఓపీ చూసే రోజున పక్క కుర్చీలో డైటీషియన్ ఉండాల. నెలకొకసారి ఆమె రైతు సేవా కేంద్రానికి రావాల, ఎరువుల కోసం ఎట్లాగూ అందరం అక్కడికే పోతాం కాబట్టి. ఆమె వచ్చేదాకా కార్యకర్తలు చేయగలిగింది కూడా ఒకటుంది. పంట పోయిన ఇంటికి పోయినప్పుడు అప్పు లెక్క రాసుకునే ముందు, ‘పొద్దున్నుంచి ఏం తిన్నావన్నా?’ అని అడగండి. రెండు వారాలుగా తిండీ నిద్రా లేవంటే ఆ మనిషిని ఒంటరిగా వదలొద్దు, డాక్టరు దగ్గరికి తోడుపోండి. టెలి మానస్ నంబరు 14416, పగలైనా రాత్రైనా ఫోను ఎత్తుతారు, ఖర్చు లేదు, తెలుగులో మాట్లాడొచ్చు. అందరూ ఇప్పుడే సెల్లులో ఎక్కించుకోండి, తర్వాత తీర్మానం చదువుదాం.