ప్రొపెల్లరు నేలను తాకిన పిదప
(వార్షికోత్సవ సభలో చేసిన ప్రసంగము)



ఉదయము మన పిల్లలు డుమస్ తీరమున నల్లని ఇసుకలో ఆడుకొనుచు, దిగుచున్న విమానములను చూచి చేతులూపిరి. ఆ విమానాశ్రయము డుమస్ మార్గములో మగ్దల్లా వద్ద నున్నది. 2014 నవంబరు 6వ తేదీ సాయంత్రము అచ్చట పైకి లేవబోవుచున్న జెట్ విమానమొకటి రన్‌వే మీదికి వచ్చిన గేదెను ఢీకొన్నది. ప్రయాణికులకు ప్రాణహాని కలుగలేదు. ఇంజనుకు మాత్రము దెబ్బ తగిలినది.

పెద్ద విమానమునకు దెబ్బ తగిలినచో పరీక్షించువారు పలువురుందురు. ఔత్సాహికుడు తన చేతులతో నిర్మించుకొన్న చిన్న విమానమునకో? ప్రొపెల్లరు నేలను తాకినపుడు ఇంజను విప్పవలెనా వలదా యను ప్రశ్న అతని ఎదుటనే నిలుచును. నేటి నా ప్రసంగము దానిని గూర్చియే.

నేను ఉద్యోగములో నున్న రోజులలో ఒక యువకుడు నా వద్దకు వచ్చి, “అయ్యా, ప్రొపెల్లరు అంచు మాత్రమే వంగినది. క్రొత్తది బిగించితిని. ఇంజను చక్కగా తిరుగుచున్నది. ఇక విప్పుట యెందులకు?” అని అడిగెను. విప్పుటకగు వ్యయము అతని కొన్ని నెలల జీతము. అతని బాధ నాకు తెలియక పోలేదు.

కుండ కొనునపుడు మన పెద్దలు వ్రేలితో తట్టి చూతురు. పగులు కంటికి కనబడదని వారికి తెలియును. ఇంజను సంగతియు అంతే. నిమిషమునకు 2,000 సార్లకు పైగా తిరుగుచున్న ప్రొపెల్లరు హఠాత్తుగా ఆగినపుడు, ఆ విసురు క్రాంక్ షాఫ్టును మెలిపెట్టును. దాని వెనుక కొనన ఒక గేరు కలదు. వాల్వులను నడుపు క్యామ్ షాఫ్టును, నిప్పురవ్వ నిచ్చు మాగ్నెటోలను త్రిప్పునది అదియే. ఆ గేరును స్థానమున నిలుపునవి ఒక చిన్న పిన్ను, ఒక బోల్టు. అవి తెగినచో ఇంజను ఆకాశముననే ఆగిపోవును.

అందుచేతనే లైకమింగ్ కంపెనీ తన ఇంజన్ల విషయమున, ఎత్తైన గడ్డిలోనో నీటిలోనో తగిలి వేగము చటుక్కున తగ్గినను, ప్రొపెల్లరు చెడకున్నను, దానిని దెబ్బగానే ఎంచుమన్నది. ప్రొపెల్లరును నేరుగా త్రిప్పు ఆ ఇంజన్లకు దెబ్బ తగిలినచో ఈ గేరును, పిన్నును తప్పక పరీక్షింపవలెనని అమెరికా విమానయాన శాఖ 2004లో మరల ఆదేశించినది. పాత బోల్టును తిరిగి వాడరాదు. ఉక్కు భాగములను అయస్కాంతీకరించి, మెరయు ఇనుప రజను కలిపిన ద్రవము పోసి, అతినీలలోహిత కాంతిలో చూచినచో పగులు వెలుగు గీతవలె కనబడును. అల్యూమినియము భాగములను పగుళ్ళలోనికి ఇంకు రంగుతో పరీక్షింతురు. ప్రొపెల్లరు బిగించు అంచు వంకర లేదని కొలిచి చూచినంత మాత్రమున చాలదు.

పైన పటారము, లోన లొటారము అను సామెత ఆ యువకునకు చెప్పితిని. అతడు అయిష్టముగనే ఒప్పుకొనెను. విప్పి చూడగా షాఫ్టు బాగుగనే యున్నది. పిన్ను మాత్రము ఒక ప్రక్క నలిగియున్నది. అతడు దానిని చాలసేపు అరచేత నుంచుకొని, “వచ్చు ఆదివారము మా నాన్నగారిని ఎక్కించుకొందమనుకొన్నాను” అనెను. అంతకుమించి ఏమియు అనలేదు.

సోదరులారా, మనలో అనేకులము కాగితములపై సంతకములు చేయుటయే వృత్తిగా గలవారము. “పరీక్షించితిని, సరిగానున్నది” అని వ్రాయుట సులభము. ఆ మాటను నమ్మి ఒకరి తండ్రి, ఒకరి బిడ్డ విమానమెక్కుదురు. విప్పి చూడనిదానిని చూచినట్లు వ్రాయకుండుటయే మన ఉద్యోగ ధర్మము.