పాముకాటు – వైద్యశాలలో మొదటి గడియ

గ్రామవృద్ధులారా,

పాము కఱచినవానిని వైద్యశాలకుఁ గొనిపోయినపుడు, వైద్యుఁడు వెంటనే సూదిమందు వేయక పరీక్షించుచుండుటఁ జూచి బంధువులు కోపించుట కలదు. ఆ పరీక్షల యర్థ మెఱిఁగిన నా కోపము శమించును.

మన దేశమున మరణములకు ముఖ్యకారణములైన పాములు నాలుగు: నాగుపాము, కట్లపాము, రక్తపింజరి, చిన్నపింజరి. మొదటి రెంటి విషము నరములను బట్టును. ఱెప్పలు వ్రాలును, మాట తడఁబడును, ఊపిరి నిలుచును. తక్కిన రెంటి విషము నెత్తురును జెఱచును. దానిఁ దెలియుటకై వైద్యుఁడు 2 మిల్లీలీటర్ల నెత్తురును శుభ్రమైన పొడి గాజుగొట్టమునఁ బోసి, కదల్పక 20 నిమిషము లుంచి, వంచి చూచును. గడ్డకట్టనిచో విష మెక్కినట్లే. తొలుత గడ్డకట్టినను మరల మరలఁ జూతురు. కావున రోగిని దొందరపడి యింటికిఁ గొనిరారాదు. మందు గుఱ్ఱపు నెత్తుటినుండి చేయఁబడునది, కొందఱికి వికటించును. అందుచే విషలక్షణము లేనివానికి దాని నీయరు. లక్షణము స్పష్టమైనచో జాగు సేయరు.

కట్లపాము తఱచు రాత్రి నిదురలోఁ గఱచును; నొప్పియు వాపును లేకుండవచ్చును. తెల్లవాఱి కడుపునొప్పియు ఱెప్పవ్రాలుటయుఁ గన్పట్టిన నుపేక్షింపరాదు.

మీరు చేయవలసినది స్వల్పము. కట్టు బిగింపకుఁడు, గాటు పెట్టకుఁడు, రోగిని నడిపింపకుఁడు. కఱచిన యవయవమును గదలనీయక 108 బండిని బిలువుఁడు. పామును వెదకుచుఁ గాలము పుచ్చకుఁడు. ఆ నాలుగింటికి నొకటే మందు. మంత్రగాని వాకిటఁ బోయిన గడియ మరల రాదు.