తాటిచెట్టు క్రింద నిఘంటువు



స్నాతకోత్సవ వేదిక నెక్కిన వక్త దేశభవిష్యత్తును గూర్చియో, యువజన కర్తవ్యమును గూర్చియో ప్రసంగించుట ఆచారము. ఆ రెండు విషయములందును నాకంటె స్నాతకులైన మీకే ఎక్కువ తెలిసియుండునని నా అనుమానము. కావున నాకు కొంత తెలిసిన దానిని, అనగా ఒక చెట్టును గూర్చియు, ఆ చెట్టునుండి ఆంగ్లభాషలోనికి రాలిపడిన మాటలను గూర్చియు మాటాడ దలచితిని. తాటిచెట్టు క్రింద కూర్చుండి పాలు త్రాగినను కల్లే యందురు లోకులు. ఆ అపవాదమునకు సిద్ధపడియే వచ్చితిని.

ఈ చెట్టుతో నాకు ఆంగ్లమున తొలి పరిచయము పరాభవముతో కలిగినది. కళాశాలలో చేరిన యేట మాకు వాల్టర్ స్కాటు రచించిన ‘ఐవన్‌హో’ పాఠ్యగ్రంథము. అందు కథానాయకుడు మొదట నిజరూపమున గాక, ‘పామర్’ అను వేషమున ముసుగు కప్పుకొని, కన్నతండ్రి యింటికే పరాయివానివలె వచ్చును. ఆ మాట కర్థమేమని మా ఆచార్యులు నన్ను లేపి యడిగిరి. ‘పామ్’ అనగా తాటిచెట్టని నాకు తెలియును. మా యూరి చెరువుగట్టున అది తప్ప వేరొక పామ్ లేదు. పాఠము చెప్పువాడు టీచరైనట్లు, రొట్టె కాల్చువాడు బేకరైనట్లు, తాటిచెట్టుతో పనిగలవాడు పామరు కావలెను గదా యని తర్కించి, “తాళ్ళెక్కి కల్లు గీయువాడండీ” అంటిని. తరగతి యంతయు గొల్లుమన్నది. ఆచార్యులు మాత్రము నవ్వక, “పామరెవరో తెలియనివాడే పామరుడు, కూర్చో నాయనా” అనిరి. నాటినుండి ఆ మాట నన్ను వదలలేదు. నేనును దానిని వదలలేదు.

పామరనగా యాత్రికుడు. జెరూసలేము పోయి పుణ్యభూమిని దర్శించి తిరిగివచ్చిన క్రైస్తవుడు, మనలో కాశికి పోయినవారు గంగచెంబును, కాశీదారమును తెచ్చుకొనునట్లు, యాత్రకు గుర్తుగా ఒక ఖర్జూరపు మట్టను తెచ్చుకొనెడివాడు. ఆ మట్టవలన వానికి పామరను పేరు కలిగినది. నేడు ఇంగ్లండులో పామరను ఇంటిపేరుగల వారి పూర్వులలో ఎవడో ఒకడు ఆ దూరపు దారి నడిచి వచ్చియుండును. ఏసుక్రీస్తు జెరూసలేము ప్రవేశించిన నాడు ప్రజలు మట్టలు పట్టి ఎదురేగిరను వృత్తాంతమే ఈ యాచారమునకు మూలము. ఆంగ్లేయులు ఆ పర్వమునకు ‘పామ్ సండే’ యనిరి. ఆ చెట్టు పెరుగని శీతలదేశము గనుక, విల్లో కొమ్మలను, యూ కొమ్మలను పట్టుకొని వానినే పామ్ అని పిలుచుకొనిరి. మన గ్రామములలోని క్రైస్తవుల కా కొరత లేదు. ఈతమట్టయో కొబ్బరిమట్టయో చేతబట్టి, మట్టలాదివారమని కమ్మని తెలుగుపేరు పెట్టుకొని ఊరేగుదురు. రెండు పేరులను ప్రక్కప్రక్కన నిలిపినచో మనదే చెట్టునకు చేరువగానున్నదని నాకు తోచును.

ఇక ‘పామ్’ అను మూలపదమునకు వత్తము. లాటినునందు ‘పాల్మా’ యనగా మొదట అరచేయి. వ్రేళ్ళు చాచిన అరచేతివలె ఆకు విప్పుకొనిన చెట్టునకును అదే పేరైనది. చెట్టుపేరు మతబోధకుల వెంట బహుప్రాచీనకాలముననే ఇంగ్లండు చేరినది. చేతిపేరు ఫ్రెంచివారి ‘పోమ్’ మీదుగా తీరికగా వచ్చినది. కవలలు వేర్వేరు ఓడలెక్కి ఒకే రేవున దిగినట్లయినది. హస్తసాముద్రికమునకు ‘పామిస్ట్రీ’ యను పేరును, ఆముదపాకు, బొప్పాయాకు వంటివానికి వృక్షశాస్త్రమున ‘పామేట్’ అను విశేషణమును ఈ యరచేతినుండియే పుట్టినవి. ఇందొక చమత్కారము కలదు. యాత్రికులు తెచ్చిన ఖర్జూరపుమట్ట ఈకవంటిది, చేతివంటిది కాదు. నిజముగా చేయి చాచినట్లుండునది మన తాటాకు. ఆ పేరునకు తగిన చెట్టు మన పొలముగట్లపై నున్నదని ఆ పేరు పెట్టిన రోమకు లెరుగరు.

సంస్కృతమునకు వచ్చినచో, ‘తల’ మనగా అరచేయి, కరతలమని మీరెరుగుదురు, చేతులు చరచుట తాళము, తాటిచెట్టును తాళమే. లాటినున చేయి చెట్టైనట్లు ఇచ్చటను చేతికిని చెట్టుకును ఒకే ధ్వని వచ్చుట చూచి నేనొక కాలమున పొంగిపోతిని. కాని చెట్టు పేరైన తాళము మన తాడి, తాటి యను ద్రావిడ శబ్దములనుండి సంస్కృతమున కెక్కినదని భాషావేత్తలు చెప్పుట విని నా పొంగు చల్లారినది. భాషాశాస్త్రమున మిక్కిలి అందమైన పోలికలనే మొదట అనుమానింపవలెను.

రోమునగరమున క్రీడాజేతలకు ఈ మట్టల నిచ్చు ఆచారము గ్రీకులనుండి క్రీ.పూ. 293లో వచ్చినదని చరిత్రకారుడైన లివీ వ్రాసెను. జయమున కీ చెట్టే యేల యన్న ప్రశ్నకు ప్లూటార్కు చెప్పిన కారణములలో ఒకటి, దీని మ్రానుపై బరువు మోపినచో క్రిందికి వంగక ఎదురు తిరిగి పైకి లేచునట! నేను పుట్టి పెరిగిన యింట తాటిదూలము లుండెను. పెంకుల బరువునకు అవి నడుమ క్రిందికే వంగి, నేను చూచుచుండగనే ప్రతియేడును మరికొంత వంగినవి. మహనీయుడైన ప్లూటార్కు తాటిదూలపు ఇంట ఒక వానకాలము గడపియుండడు. ఏది యెట్లున్నను, ఆ భావము నిలిచినది. ‘పామ్’ అనగా విజయము. ఉచ్చస్థితిలోనున్న కాలము ‘పామీ’. ఈ విశేషణమును షేక్స్‌పియరు ‘హామ్లెట్’ నాటకమున రోముకే వాడెను. నెపోలియను 1808లో విద్యాసేవ చేసినవారికై నెలకొల్పిన బిరుదు ‘పామ్ అకాడమీక్’. కాన్ నగరపు చలనచిత్రోత్సవమున 1955లో తొలిసారి ఇచ్చినది బంగారు మట్ట. మనకును బలరాముడు తాళధ్వజుడు. ఆయన ఆ చెట్టును జెండాపై నిలిపినది జయమునకా, రసమునకా యని అడుగు కొంటెవారు లేకపోలేదు.

ఖర్జూరమును ఆంగ్లేయులు ‘డేట్’ అందురు. తేదీ యను నర్థముగల డేట్ వేరు; అది ‘ఇయ్యబడినది’ యను లాటిను శబ్దము. పండు పేరైన డేట్ గ్రీకుభాషలో వ్రేలిని చెప్పు ‘డాక్టులోస్’ నుండి వచ్చినది. లినేయసు 1753లో ఈ చెట్టునకు శాస్త్రనామమిడుచు ‘ఫీనిక్స్ డాక్టిలిఫెర’, అనగా వ్రేళ్ళను గాచునది, అనెను. ఆ యేటనే మన తాటికి పెట్టిన పేరున ‘ఫ్లాబెలిఫెర్’ అనగా విసనకర్రలను మోయునది; మన పూర్వులు విసనకర్రను తాళవృంతమనినపుడు ఆ చెట్టును ఇట్లే చూచిరి. వ్రేలికి మరియొక సంతానము కలదు. మన చూపుడు వ్రేలిని చూచుకొందము: మొదటి కణుపు పొడుగు, తక్కిన రెండును పొట్టి. గ్రీకు ఛందస్సున ఒక గురువు, రెండు లఘువులు గల పాదభాగమునకు అందువలననే ‘డాక్టిల్’ అని పేరు వచ్చెనందురు. అనగా మన భగణము! ఉత్పలమాల మొదటి గణమైన భగణమునకును, రంజానునాట ఉపవాసము విడుచునపుడు నోట వేసికొను ఖర్జూరమునకును ఐరోపాలో ఇంటిపేరొకటే యని తెలిసిననాడు, ఛందస్సనిన జంకెడు నా మిత్రుడొకడు మొదటిసారి దానిని ఇష్టపడెను.

అరబ్బులు ఖర్జూరమును ‘తమ్ర్’ అందురు. సముద్రముపై మననుండి పోయిన చింతపండు ముద్దను జూచి వారు ‘తమ్ర్ హిందీ’, హిందూదేశపు ఖర్జూరమనిరి. అదియే ఆంగ్లమున ‘టామరిండ్’. చింత ఖర్జూరము గాదు, ఆ జాతి వృక్షమును గాదు. దాని పుట్టినిల్లు ఆఫ్రికా యని శాస్త్రజ్ఞులనుటచే హిందూదేశపుదియు గాదు. ఇన్ని తప్పులతో గూడిన పేరు మన చారులోని పులుపునకు ప్రపంచమంతట చెల్లుచున్నది.

ఇంతదనుక చెప్పిన మాటలు దేవాలయపు వాకిట, పాఠశాల వాకిట ఆంగ్లమున ప్రవేశించినవి. మనవైపునుండి పోయినవి వేరొక వాకిట పోయినవి. అది రేవులోని గిడ్డంగి వాకిలి. ‘టాడీ’ మన తాడిచెట్టు రసమే. హిందీ ‘తాడీ’ మీదుగా ఓడవాండ్ర నోటబడి, 18వ శతాబ్దమున స్కాట్లండు చేరి, అచ్చట వేడినీరు, చక్కెర కలిపిన విస్కీకి పేరై కూర్చున్నది. తాటిచెట్టు నెన్నడు చూడని స్కాట్లండు ముదుసలి, జలుబు చేసినపుడు టాడీ త్రాగుచు మన గీతకార్మికుని స్మరింపకయే స్మరించుచున్నాడు. ‘కోప్రా’ మలయాళపు కొప్పర. మన కొబ్బరికి తోబుట్టువు. ‘కాయర్’ మలయాళమున త్రాటికి పేరైన కయరు. ‘అరెకా’ వారి అడక్క, మన పోక. ‘జాగరీ’ సంస్కృతపు శర్కర. పోర్చుగీసువారి నోట నలిగి బెల్లమైనది. అదే శర్కర పారసీకుల మీదుగా, అరబ్బుల మీదుగా ముందే పోయి ‘షుగర్’ ఐనది. తాళపత్రమను మాట కూడ ‘టాలిపాట్’ అను రూపమున మన శ్రీతాళపు చెట్టునకు పేరుగా మిగిలినది. చెట్టు పోయినది గాని దానిపై వ్రాసిన వ్రాత పోలేదు. కొబ్బరికాయకు పోర్చుగీసు నావికులు ‘కోకో’ యని పేరు పెట్టుట ఆ మూడు కన్నులలో పిల్లలను జడిపించు బూచివాని ముఖము కన్పట్టుటచేత; మన పెద్దలకు అదే కాయలో ముక్కంటి కన్పించెను.

తాటికి ఆంగ్లేయులిడిన ‘పాల్మైరా’ యను పేరును గమనింపుడు. పోర్చుగీసువారు దానిని ‘పాల్మేయిర’, తాళజాతి చెట్టు, అని మాత్రమే యనిరి. లాటిను చదివిన ఆంగ్లేయులకు ఆ మాట వినగానే సిరియా ఎడారిలోని పాల్మైరా నగరము, క్రీ.శ. 272లో ఆరీలియను చక్రవర్తికి లోబడిన జెనోబియా రాణి మనసున మెదలియుందురు. వర్ణక్రమమును అట్లే దిద్దిరి. మా చెరువుగట్టున మోకు, ముస్తాదు కట్టుకొని ఎక్కువాని కాలిక్రింది చెట్టునకు ఈవిధముగా ఒక ఓడిన రాణి నగరము పేరు కలిగినది. ఆమె ఆ చెట్టును చూడలేదు. ఎక్కువాడు ఆమె పేరు వినలేదు.

మధ్యధరా తీరమునుండి పోయిన మాటలకు గౌరవమును, మన తీరమునుండి పోయిన మాటలకు ధరయు గలవు. అచ్చటి మట్ట జయము, యాత్ర, బిరుదము. ఇచ్చటి చెట్టు కల్లు, త్రాడు, బెల్లము, ఎండుకొబ్బరి. ఒకే జాతి చెట్లు. కొన్నవాడు ఎందుకు వచ్చెనో దానిని బట్టి నిఘంటువున స్థానము దొరకినది. ఇందుకు ఆంగ్లేయులను నిందింపను; బేరమునకు వచ్చినవానికి సరకు పేరే కావలెను. కాని ఇది అంతయు యాదృచ్ఛికమని మీరనుకొనరాదు.

ఇంకొక వాకిలి ప్రయోగశాలది. అచ్చట నేను చాలసేపు నిలువను. 1840లో ఫ్రెమీ యను ఫ్రెంచి రసాయనవేత్త ఆఫ్రికాపు తాళజాతి నూనెనుండి ఒక ఆమ్లమును వేరుపరచెను. దానికి ‘పామిటిక్’ అని పేరు. నేడు గోదావరి జిల్లాల తోటలలో గెలలు కోయుచున్నది ఆ నూనెచెట్టునుండియే. సబ్బులలో నిరపాయముగా నున్న ఆ పేరులోని మొదటి ముక్కను 1942లో హార్వర్డునందు లూయీ ఫీజరును, ఆయన సహచరులును నాఫ్తెనేటు పేరులోని మొదటి ముక్కతో అతికించిరి. నాపామ్. అరచేయి యని మొదలైన మాట, జయమని పెరిగిన మాట, గ్రామములపై కురిసి చర్మమున కంటి యారని నిప్పునకు పేరైనది. దీనిని గూర్చి ఎంత వెదకినను నాకు చమత్కారము దొరకలేదు.

మన తాటిచెట్టునుండి ఓడ యెక్కని మాట యొకటి చెప్పి విరమింతును. అది ‘కమ్మ’. కమ్మ యనగా తాటాకు. ఆకుపై గంటముతో వ్రాసి పంపిన జాబును కమ్మయే. చెవికి పెట్టుకొను నగయు కమ్మయే. బంగారము లేని యింట ఆడుపిల్లకు చెవి కుట్టించి, తూటు పూడిపోకుండ తాటాకును చుట్టగా చుట్టి దూర్చెడివారు. ఆకు మెల్లగా విచ్చుకొని తూటును పెద్దదిగా చేయును. తరువాత కలిగినవారు అదే యాకారమున బంగారముతో చేయించుకొనిరి, పేరు మారలేదు.

కొలది నిమిషములలో మీ పేరులు పిలిచి మీ కొక్కొక్క కమ్మ నిత్తురు. మా మాతామహికి చదువు రాదు. తపాలావాడు వచ్చినపుడు, నేను కార్డు పట్టుకొని అరుగుమీద కూర్చుండగా, “కమ్మ వచ్చిందిరా, చదువు” అని చెవిని నా మొగము దగ్గరకు తెచ్చెడిది. చేరువనుండి చూచుటచే నాకు జ్ఞాపకము: ఆ చెవితూటు నా బొటనవ్రేలు పట్టునంత వెడల్పు, అందు చుట్టిన తాటాకు పాతదై గోధుమరంగునకు తిరిగియుండెను.